అటక మీద బాయిలర్: కొటేషన్‌లో లేని డబ్బు కట్టాలా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో సొంతింట్లో ఉంటున్నాం. వంటగదిలోని పాత బాయిలర్ తీయించి, లాఫ్ట్‌లో కొత్త కాంబి బాయిలర్ పెట్టించాలనుకున్నాం. ఒక సంస్థ మనిషి వచ్చి, అటక ఎక్కి చూసి, వ్యాట్‌తో కలిపి 3,400 పౌండ్లకు ఈమెయిల్‌లో కొటేషన్ పంపాడు. ఒప్పుకుని క్రెడిట్ కార్డుతో 800 పౌండ్లు అడ్వాన్స్ ఇచ్చాం. పని మొదలైన రోజు, అటక మీద నేల వేయాలి, లైటు పెట్టాలి, నిచ్చెన బిగించాలి, గ్యాస్ పైపు లావుది మార్చాలి, మరో 1,300 ఇవ్వండి, లేకపోతే పని ఆపేస్తాం అంటున్నారు. పాత బాయిలర్ తీసేశారు. ఇంట్లో వేడినీళ్లు లేవు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ధర సంగతి. ఉన్న బాయిలర్ తీసి అదే చోట కాంబి పెట్టాలంటే బ్రిటన్‌లో సాధారణంగా 2,000 నుంచి 3,500 పౌండ్ల మధ్య అవుతుంది. చోటు మారిస్తే పైపులు, పొగగొట్టం, కండెన్సేట్ నీటి గొట్టం అన్నీ కొత్త దారి పట్టాలి కాబట్టి ఖర్చు ఇంకా పెరుగుతుంది. కనుక మీకు చెప్పిన ధర మరీ ఎక్కువేమీ కాదు. మీ గొడవ తేలేది మార్కెట్ ధర మీద కాదు, పని మొదలవక ముందు కాగితం మీద ఏం రాసుకున్నారన్న దాని మీద.

వాళ్లు అడుగుతున్నవి అనవసరమైనవని వాదించకండి. అటక మీద బాయిలర్ పెడితే మెకానిక్ నిలబడి పనిచేయడానికి గట్టి నేల, శాశ్వతమైన లైటు, బిగించిన మడత నిచ్చెన, ద్వారం చుట్టూ కంచె ఉండాలని బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 6798 చెబుతోంది. కాంబి ఒక్కసారిగా ఎక్కువ గ్యాస్ లాగుతుంది, అందుకే చాలా ఇళ్లలో 15 మిల్లీమీటర్ల పైపు చాలక 22కి మార్చాల్సి వస్తుంది. అయితే ఈ పని తెలిసిన ఎవరికైనా ఇవన్నీ ముందే తెలుసు. అటక ఎక్కి చూసి మరీ ధర చెప్పిన మనిషికి, నేల లేదన్న సంగతి పని రోజున కొత్తగా తెలిసిందంటే నమ్మడం కష్టం. మీకు బలమైన వాదన ఇదే.

2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టంలోని 49వ సెక్షన్ ప్రకారం పనిని తగిన శ్రద్ధతో, నైపుణ్యంతో చేయాలి. మీరు నమ్మి ఒప్పుకున్న మాటలు, నోటితో చెప్పినవైనా సరే, ఒప్పందంలో భాగమని 50వ సెక్షన్ అంటుంది. మీకు వచ్చింది కొటేషన్ అయితే అది ఖాయమైన ధర. మీరు సరేననకుండా పెంచే హక్కు వాళ్లకు లేదు. ‘ఎస్టిమేట్’ అని ఉంటే అది అంచనా మాత్రమే, కొంత అటూఇటూ అవ్వచ్చు. కాబట్టి ఈమెయిల్ మళ్లీ తెరిచి చూడండి. ‘లాఫ్ట్ నేల, నిచ్చెన, గ్యాస్ పైపు అదనం’ అని రాసి ఉంటే ఆ ఖర్చు మీదే. ఆ ఊసే లేకపోతే భారం వాళ్లది. ధర ఎప్పుడైనా పెంచుకుంటామనీ, మీరు రద్దు చేసుకోవడానికి వీల్లేదనీ చిన్న అక్షరాల్లో షరతు ఉన్నా, అన్యాయమైన షరతు కింద దాన్ని సవాలు చేయవచ్చు.

మీరు ఒప్పుకున్నది ఇంట్లో కూర్చునో, ఈమెయిల్ ద్వారానో కాబట్టి 2013 నాటి వినియోగదారుల ఒప్పందాల నిబంధనల కింద సాధారణంగా 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు ఉంటుంది. ఆ గడువులోనే పని మొదలెట్టమని మీరు రాతపూర్వకంగా అడిగి ఉంటే, అప్పటిదాకా జరిగిన పనికి తగిన డబ్బు ఇవ్వాలి. ఈ హక్కు గురించి వాళ్లు అసలు చెప్పకపోతే గడువు 12 నెలల వరకూ పెరుగుతుంది.

అడ్వాన్స్ క్రెడిట్ కార్డుతో కట్టడం మీకు కలిసొచ్చింది. 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, ధర 100 పౌండ్లు దాటి 30,000కు మించనప్పుడు, ఒప్పందం తప్పిన సంస్థతో పాటు కార్డు కంపెనీ కూడా బాధ్యత వహించాలి. మీరు కార్డుతో కట్టింది కొంతే అయినా, బాధ్యత మొత్తం పనికీ వర్తిస్తుంది. డెబిట్ కార్డుకు ఈ రక్షణ లేదు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఫోన్లో మాట్లాడి ఊరుకోకుండా ఈమెయిల్ రాయండి: ‘3,400కు ఒప్పుకున్న పని ఇది, ఫలానా తేదీలోగా ముగించండి’ అని. అయినా ఆపేస్తే గ్యాస్ పనివాళ్ల అధికారిక రిజిస్టర్ ‘గ్యాస్ సేఫ్’లో ఉన్న మరో ఇంజనీరుతో పూర్తి చేయించి, అదనంగా అయిన ఖర్చును వీళ్ల నుంచి రాబట్టుకోవచ్చు. ఇంట్లో పసిపిల్లలో పెద్దవాళ్లో ఉండి చలికి ఆగలేమనుకుంటే, ‘అభ్యంతరంతోనే చెల్లిస్తున్నాం’ అని రాసి కట్టండి. తర్వాత వాపసు అడిగే దారి మూసుకుపోదు. ఉచిత సలహాకు సిటిజన్స్ అడ్వైస్ ఉంది. రాజీ కుదరకపోతే ముందు నోటీసు పంపి, ఇంగ్లండ్, వేల్స్‌లలో 10,000 పౌండ్ల వరకూ స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో లాయరు లేకుండానే దావా వేయవచ్చు. గడువు ఆరేళ్లు.

ఇదే పని చేయించాలనుకునే మిగతా పాఠకులకు కొన్ని మాటలు:

• వచ్చిన ఇంజనీరు గ్యాస్ సేఫ్ కార్డు అడిగి తీసుకుని, వెనక్కి తిప్పి చూడండి. ఏయే పనులకు అర్హత ఉందో వెనకే రాసి ఉంటుంది. రిజిస్టర్‌లో లేని వాళ్లు గ్యాస్ పని చేయడం నేరం.

• ఇంగ్లండ్‌లో 2018 ఏప్రిల్ నుంచి కొత్త కాంబికి ఇంధనం ఆదా చేసే అదనపు ఏర్పాటు ఒకటి తప్పనిసరి. తగిన స్మార్ట్ కంట్రోల్ కూడా అందులోకి వస్తుంది. అది ధరలో కలిసిందో లేదో అడగండి.

• ఫ్లాట్ అయితే ముందు లీజు చదవండి. పై అంతస్తు మీదైనంత మాత్రాన అటక మీదైపోదు. చాలా లీజుల్లో అది ఫ్రీహోల్డర్ సొత్తు.

• అద్దెకుంటే ఈ ఖర్చు మీది కాదు. 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం వేడినీళ్లు, హీటింగ్ ఏర్పాట్లను బాగుచేయించాల్సింది ఇంటి యజమానే.

పని ముగిశాక బిల్డింగ్ రెగ్యులేషన్స్ కంప్లయన్స్ సర్టిఫికెట్ అడిగి భద్రపరుచుకోండి. రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల సొలిసిటర్ అడిగే మొదటి కాగితాల్లో అదొకటి. చివరి వాయిదా కట్టే ముందే, సంస్థ ఆ పనిని నమోదు చేయించిందో లేదో రాతపూర్వకంగా చెప్పించుకోండి.