తల ముట్టనివ్వని గుర్రానికి తగిన కళ్ళెం



మాట వినని పిల్లవాణ్ని పెద్దలు "కళ్ళెం లేని గుర్రం" అంటుంటారు. కళ్ళెం వేస్తే చాలు, గుర్రం దారికి వస్తుందని అందులోని భావం. కాని కళ్ళెం చూడగానే తల పైకెత్తి వెనక్కి నడిచే గుర్రాలు కూడా ఉన్నాయి. అవి చెవి దగ్గరకు చెయ్యి రానివ్వవు. మన పట్టణాల్లో జట్కాలు దాదాపు కనుమరుగైనా, పెళ్ళి ఊరేగింపుల కోసం గుర్రాన్ని పెంచుకుని బతికే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. గుర్రం కళ్ళెం వేయించుకోకపోతే ఆ ఇంటికి ఆ రోజు సంపాదన లేదు. అందుకే కొట్టడం, ఇంకా గట్టి కళ్ళెం తేవడం మొదలవుతుంది. దాంతో బెదురు ఇంకా ముదురుతుంది. పశుసంవర్ధక కోర్సులు చదివిన మేము కొందరం కలిసి ఈ పాఠం రాస్తున్నాం.

1. ముందు కారణం వెతకాలి

తల ముట్టనివ్వకపోవడం పొగరు కాదు. చాలాసార్లు అది నొప్పి, లేదా పాత నొప్పి మిగిల్చిన భయం. చెవుల్లో పిడుదులు, పుండ్లు ఉన్నాయేమో చూడాలి. గుర్రం పళ్ళు జీవితమంతా కొద్దికొద్దిగా బయటికి వస్తూ, అరుగుతూ ఉంటాయి. పై దవడ పళ్ళ బయటి అంచులు కత్తిలా పదునెక్కి బుగ్గ లోపలి భాగాన్ని కోస్తాయి. అలాంటప్పుడు ఎంత ఖరీదైన కళ్ళెం తెచ్చినా లాభం లేదు. ముందు పశువైద్యునికి చూపించి పళ్ళు రాయించాలి.

ఇంకొక సంగతి. గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దానికి దాదాపు చుట్టూ కనిపిస్తుంది. కాని సరిగ్గా నుదుటి ముందు, ముక్కు కింద, తోక వెనుక కనిపించదు. ఎదురుగా వెళ్ళి నుదుటి మీద చెయ్యి వేస్తే, ఆ చెయ్యి ఎక్కడి నుంచి వచ్చిందో దానికి తెలియదు. అందుకే భుజం పక్క నుంచి, మాట్లాడుతూ దగ్గరకు వెళ్ళాలి.

2. కళ్ళెం ఎంపిక

తలపట్టీ: ఇది చెవుల వెనుక నెత్తి మీద ఉంటుంది. వెడల్పుగా, మెత్తగా ఉండాలి. కుట్లు, ముళ్ళు, బకిల్స్ చెవి మొదట్లో గుచ్చుకోకూడదు.

నుదుటి పట్టీ: ఇది పొట్టిదైతే తలపట్టీని ముందుకు లాగి చెవుల వెనుక ఒరిపిస్తుంది. దీని కింద ఒక వేలు సులువుగా దూరాలి.

ముక్కు పట్టీ: చెంప ఎముక గట్టు కింద రెండు వేళ్ళ దూరంలో ఉండాలి. ఇంకా కిందికి జారితే పలుచటి ముక్కు ఎముకను, ఊపిరిని నొక్కుతుంది. ముక్కు మీద పట్టీ కింద రెండు వేళ్ళు పట్టాలి. అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్య 2025 నుంచి పోటీల్లో ఈ బిగువును పరికరంతో కొలుస్తోంది. అక్కడ కనీసం 1.5 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి.

గొంతు పట్టీ: దీనికీ దవడకూ మధ్య నాలుగు వేళ్ళు నిలువుగా పట్టాలి.

నోటి కడ్డీ: కింది దవడలో ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య పళ్ళు లేని ఖాళీ ఉంటుంది. కడ్డీ ఆనేది అక్కడే. అక్కడ ఎముక మీద పలుచటి చర్మమే తప్ప కండ లేదు. కడ్డీ నునుపుగా ఉండాలి, పెదవుల మూలలకు ఇరుపక్కలా అర సెంటీమీటరు మిగలాలి. నోట్లో నొప్పి ఉన్న గుర్రానికి కడ్డీ లేని కళ్ళెం మేలు. అయితే అది ముక్కు మీద పని చేస్తుంది కాబట్టి అక్కడా బిగించకూడదు.

ముళ్ళున్న కడ్డీ మాత్రం ఎన్నడూ వాడరాదు. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. దాని కింద బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం 1965లో చేసిన నిబంధనలు ముళ్ళ కడ్డీని నిషేధించాయి.

3. తొడిగే పద్ధతి

బెదిరే గుర్రానికి పట్టీని చెవుల మీదుగా లాగి తొడగకూడదు. మార్వాడీ జాతి గుర్రాల చెవి కొనలు లోపలికి వంగి ఒకదానికొకటి తాకుతుంటాయి. వాటిని మడిచి లాగితే ఇంకెంత బాధో ఆలోచించండి. అందుకే ఎడమ చెంప దగ్గర పూర్తిగా విప్పుకునే బకిల్ ఉన్న కళ్ళెం కొనాలి. పట్టీని మెడ మీదుగా వేసి, చెవుల వెనుకకు జరిపి, తర్వాత బకిల్ పెట్టాలి. చలికాలంలో కడ్డీని అరచేతుల్లో వెచ్చబెట్టి నోటికి అందించాలి.

అలవాటు చేయడానికి రోజూ 10 నిమిషాలు చాలు. మెడ మీద చెయ్యి వేసి, అది బెదరకముందే తీసేయాలి. మరునాడు కొంచెం పైకి. నిమ్మళంగా నిలబడిన క్షణంలోనే చెయ్యి తీస్తే, నిలబడడం వల్ల మేలని గుర్రం నేర్చుకుంటుంది. అది తల ఎగరేసినప్పుడు తీస్తే, ఎగరేయడమే నేర్చుకుంటుంది. పని అయ్యాక పట్టీల చెమట తుడిచి, తోలుకు నూనె పట్టించాలి. ఎండిన తోలు గుర్రం ముఖాన్ని గీరుతుంది.

ఈ పనికి ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. మన హాస్టల్ మిత్రుల్లో గుర్రాలు పెంచే ఇళ్ళవారు ఉంటే, ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ముక్కు పట్టీ కింద రెండు వేళ్ళు పెట్టి చూడండి. దూరకపోతే ఒక రంధ్రం వదులు చేయండి. నాన్నగారికీ కారణం చెప్పండి. మనం చదివిన చదువు ఇంట్లో నోరులేని జీవికి పనికివస్తే అంతకంటే ఏం కావాలి?