పాత కారుకు కొత్త బ్యాటరీ

మా ఊరు హోసూరు. అది తమిళనాడులో ఉన్నా మా వీధిలో తెలుగూ, కన్నడమూ, తమిళమూ మూడూ వినిపిస్తాయి. మా నాయనకు ఒక పాత మారుతి 800 కారు ఉండేది. 1997లో కొన్నది. ఈ కార్లను మన దేశంలో 1983 నుంచి 2014 దాకా తయారు చేశారు. బానెట్టు ఎత్తితే లోపల ఏది ఎక్కడున్నదో పిల్లలకు కూడా తెలిసిపోయేంత సులువైన బండి అది.

2012 డిసెంబరులో ఒకనాటి తెల్లవారుజామున మా అవ్వను బెంగుళూరులోని కంటి ఆసుపత్రికి తీసుకుపోవలసి వచ్చింది. ఆపరేషను అయి వారం రోజులయింది. ఆ రోజు కట్టు విప్పి చూడాలి. నాయన తాళంచెవి తిప్పాడు. ఇంజను కదలలేదు. టక్ టక్ మని చప్పుడు మాత్రం వచ్చింది. లైట్లు వేస్తే నూనె అయిపోయిన దీపాల్లా ఎర్రగా వెలిగాయి. చివరికి ఇరుగుపొరుగువారు వచ్చి తోస్తే ఇంజను అందుకుంది. ఆసుపత్రి దగ్గర నాయన పల్లంగా ఉన్న చోటు వెతికి కారు నిలిపాడు, వచ్చేటప్పుడు దొర్లించి స్టార్టు చేయవచ్చునని.

బ్యాటరీ చేసే పని ఏమిటి? కారు బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కొక్క గదిలో సీసపు పలకలు, సీసపు డయాక్సైడు పూసిన పలకలు సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన నీటిలో మునిగి ఉంటాయి. ఒక్కొక్క గది సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ఆరూ కలిస్తే 12.6 వోల్టులు. ఈ సీసపు బ్యాటరీని 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. నూటయాభై ఏళ్ళు దాటినా దానిలోని రసాయన చర్య మారలేదు. ఇంజనును తిప్పే సెల్ఫు మోటారుకు ఒక్కసారిగా ఎంతో కరెంటు కావాలి. ఆ రెండు మూడు సెకన్ల పనికే ఇంత బరువైన పెట్టె. ఆ తర్వాత ఇంజనే ఆల్టర్నేటరును తిప్పి, ఖర్చయినదాన్ని మళ్ళీ నింపుతుంది.

ఎండ వేడికి పలకలు త్వరగా పాడవుతాయి. కాని ఆ సంగతి బయటపడేది చలికాలంలోనే. చలికి రసాయన చర్య మందగిస్తుంది, ఇంజను నూనె చిక్కబడుతుంది. హోసూరు చలి ఎంతటిదో అక్కడ ఉన్నవారికే తెలుసు!

నాయన వెంటనే కొత్త బ్యాటరీ కొనలేదు. ముందు పాతదాన్ని పరీక్షించాడు. రాత్రంతా కదల్చకుండా ఉంచి పొద్దున మల్టీమీటరు పెడితే 11.8 వోల్టులే చూపింది. అంగడిలో ఛార్జి చేయించి తెచ్చినా రెండు రోజులకే మళ్ళీ దిగిపోయింది. కొని అయిదేళ్ళయింది. ఇంజను తిరుగుతుండగా చూస్తే మాత్రం 14 వోల్టులు ఉన్నాయి. అంటే ఆల్టర్నేటరు బాగానే ఉంది, లోపం బ్యాటరీదే. ఈ పరీక్ష చేయకుండా డబ్బు పోసేవారు చాలామంది. ఆల్టర్నేటరు చెడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ కూడా నాలుగు రోజుల్లో చచ్చిపోతుంది.

అంగడివాడు మొదట ఇచ్చిన బ్యాటరీని నాయన తిప్పి ఇచ్చేశాడు. కొలతలు సరిపోయాయి కాని, ధన ధ్రువం ఉండవలసిన వైపు రుణ ధ్రువం ఉంది. అటువంటిదాన్ని బిగిస్తే తీగలు అందవు. బలవంతంగా లాగి అందించబోతే తారుమారు కూడా కావచ్చు. ధన ధ్రువపు గుబ్బ రుణ ధ్రువపు గుబ్బకంటే కొంచెం లావుగా ఉంటుంది. పక్కన కూడిక గుర్తు ఉంటుంది.

ఆదివారం నాడు నాయన పానా చేతిలోకి తీసుకోగానే అవ్వ అరిచింది.

“ముందు ఆ ఉంగరం తియ్యిరా!”

మా వీధి చివర ఉండే మెకానిక్కు ఉంగరపు వేలు చుట్టూ తెల్లని మచ్చ ఉండేది. ఒకనాడు ఆయన వేలి ఉంగరం ఒకవైపు ధన ధ్రువానికీ, ఇంకోవైపు కారు రేకుకూ తగిలిందట. క్షణంలో బంగారం కాలిపోయేంత వేడెక్కి వేలికి అతుక్కుంది. 12 వోల్టులు మనిషికి షాకు కొట్టవు. అందుకే చాలామంది వాటిని లెక్కచేయరు. కాని అడ్డంగా లోహం పడితే వందల ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది. నాయన ఉంగరం తీసి అవ్వ చేతికిచ్చాడు.

“ఏ తీగ ముందు విప్పాలి?” అని నన్ను అడిగాడు.

“ఎర్రది” అన్నాను నేను. తప్పు చెప్పాను.

ఎందుకు తప్పో చూడండి. మా కారులో నల్ల తీగ, అంటే రుణ ధ్రువపు తీగ, కారు బాడీకి కలిపి ఉంటుంది. కాబట్టి బాడీలోని ప్రతి రేకూ, ప్రతి నట్టూ రుణ ధ్రువమే. అది అలా ఉండగా ఎర్ర తీగను విప్పబోతే, పానా రెండో కొస బాడీకి తగిలిన క్షణాన నిప్పురవ్వలు లేస్తాయి. బ్యాటరీ ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. అది అక్కడ నిలిచి ఉంటే నిప్పురవ్వకు పేలి ఆమ్లం కళ్ళలో చిందవచ్చు. నల్ల తీగను ముందు విప్పితే, పానా బాడీకి తగిలినా ఏమీ కాదు, రెండూ ఒకే ధ్రువం కదా. ఆ తీగను పక్కకు తప్పించాక బాడీకి బ్యాటరీతో సంబంధం ఉండదు. అప్పుడు ఎర్ర తీగను నిశ్చింతగా విప్పవచ్చు.

“నలుపు ముందు” అని బట్టీ పట్టడం మా నాయనకు నచ్చేది కాదు. పూర్వపు బ్రిటిష్ కార్లలో చాలావాటికి ధన ధ్రువాన్నే బాడీకి కలిపేవారు. వాటిలో ధన ధ్రువపు తీగనే ముందు విప్పాలి. అంటే చూడవలసింది రంగు కాదు, ఏ తీగ బాడీకి పోతున్నదో అది.

నాయన తాళంచెవి తీసేసి, నల్ల తీగ విప్పి, దానికి గుడ్డ చుట్టి పక్కకు నెట్టాడు. తర్వాత ఎర్రది. తర్వాత బ్యాటరీని పట్టి ఉంచే క్లాంపు. బ్యాటరీని ఒరగనీయకుండా నిటారుగా పైకెత్తాడు. కింద రేకు మీద తెల్లగా ఉప్పు పేరుకుపోయి ఉంది. వంటసోడా కలిపిన నీళ్ళు నేను పోశాను. బుసబుసమని నురుగు వచ్చింది. కారిన ఆమ్లం విరిగిపోయిందన్నమాట. కడిగి, ఆరబెట్టి, కొత్త బ్యాటరీ దించి, క్లాంపు బిగించాం. తీగలు కలిపే వరుస విప్పినదానికి తలకిందులు: ముందు ఎర్రది, ఆఖరున నల్లది. చేత్తో తిప్పి చూస్తే కదలకూడదు. పైన కాస్త వాజలీను పూశాం.

పాత బ్యాటరీకి ఎక్కువ ధర ఇస్తానని పాత ఇనుము కొనేవాడు గుమ్మంలోకి వచ్చాడు. నాయన ఇవ్వలేదు. బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. కొందరు పెరళ్ళలో పెట్టెలు పగలగొట్టి, ఆమ్లం కాలువలో పోసి, సీసాన్ని కరిగిస్తారు. ఆ పొగ, ఆ ధూళి చుట్టుపక్కల పిల్లల ఒంట్లోకి చేరి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. పాత బ్యాటరీలను అమ్మినవారే తిరిగి తీసుకోవాలని 2001లోనే మన దేశంలో నిబంధనలు వచ్చాయి. 2022 నుంచి వాటి స్థానంలో కొత్త నిబంధనలున్నాయి. మేము పాతదాన్ని కొత్తది కొన్న అంగడికే అప్పగించాం. ధరలో కొంత తగ్గించారు.

మరునాడు అవ్వను మళ్ళీ కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. తాళంచెవి తిప్పీ తిప్పకముందే ఇంజను అందుకుంది. ఉంగరం మాత్రం బెంగుళూరు దాకా అవ్వ వక్కాకు సంచిలోనే ప్రయాణం చేసింది.