యోని శోథ: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

వరంగల్లు ప్రాంతపు గ్రామములలో స్త్రీలు “తెల్లబట్ట” యని తమలో తాము చెప్పుకొను బాధ పంచాయతీ సమావేశమునకు వచ్చుట అరుదు. వేడి చేసినదని సరిపెట్టుకొని ఏండ్ల తరబడి సహించువారు పెక్కురు. భూపాలపల్లి జిల్లాకు ఎదురుగా, గోదావరికి ఆవలనున్న గడ్చిరోలి జిల్లాలో రాణీ బంగ్, అభయ్ బంగ్ అను వైద్య దంపతులు రెండు గ్రామములందు 650 మంది స్త్రీలను పరీక్షించి, 1989లో ఫలితములను ప్రకటించిరి. నూటికి 92 మందికి ఏదో యొక స్త్రీవ్యాధి యుండెను. అంతకు పూర్వము అట్టి పరీక్ష చేయించుకొన్నవారు నూటికి 8 మందియే. వ్యాధికంటె మౌనమే పెద్దదని మేము తలంచుటకు ఇదియే ఆధారము.

తెలుపు కనబడినంతనే వ్యాధి కాదు. వాసన, దురద లేని పలుచని స్రావము సహజము. గర్భిణులకు అది హెచ్చుట కలదు. యోనిలో సహజముగ నుండు మేలైన సూక్ష్మజీవులు, పెరుగును పులియజేయు వాని జాతివి, ఆమ్లమును పుట్టించి హానికర క్రిములను అణచియుంచును. (అంతమాత్రమున పెరుగు పూయుట చికిత్స కాదు.) సబ్బుతోను, ఘాటైన మందు నీళ్లతోను లోపల కడిగినచో ఈ రక్షణయే చెడును. వెలుపల మంచి నీటితో కడిగిన చాలును.

ఈ సమతౌల్యము చెడి ఇతర క్రిములు పెరిగినపుడు పలుచని బూడిదవన్నె స్రావము చేపవాసనతో వచ్చును. పెరుగు తరకలవంటి స్రావము, తీవ్రమైన దురద యున్నచో తరచుగా కాండిడా అను శిలీంధ్రము కారణము. ఇది మాటిమాటికి వచ్చినచో మధుమేహ పరీక్ష తప్పక చేయించవలెను. ట్రైకోమోనాస్ అను జీవివలన నురుగుతో కూడిన పసుపుపచ్చని స్రావము కలుగవచ్చును. ఇది సంభోగమువలన సోకునది గనుక భర్తయు మందు తీసికొననిచో భార్యకు మరల వచ్చును. మూడింటికి మందు ఒకటి కాదు. లక్షణములు చూచి మాత్రమే నిర్ణయించుట పొరపాటునకు దారితీయును. కావున అంగడిలో అడిగి తెచ్చిన మాత్ర ఒకరికి నయము చేసినను, వేరొకరికి పనిచేయదు. గర్భిణులు స్వయముగ ఏ మందును వాడరాదు. ముట్లుడిగిన పిమ్మట పొడితనము, మంట కలుగుట వేరొక కారణమువలన. దానికిని చికిత్స కలదు.

పురుష సభ్యులు ఇది స్త్రీల సంగతియని లేచిపోవలదు. ఉపకేంద్రపు గదికి గడియ, పరీక్షాబల్ల చుట్టు తెర, చేతులు కడుగుకొనుటకు నీరు, ఈ మూడును పంచాయతీ చేతిలోని పనులు. తెర లేనిచోట ఏ స్త్రీయు పరీక్షకు ఒప్పుకొనదు. తెలంగాణ ప్రభుత్వము 2023 మార్చి 8న స్త్రీలకై “ఆరోగ్య మహిళ” కార్యక్రమమును ప్రారంభించినది. ఆశా కార్యకర్తతో మహిళా సభ్యురాలు ఇల్లిల్లు తిరిగి, ఏ కేంద్రమున ఏ దినమున స్త్రీవైద్యులు చూతురో తెలిసికొని చెప్పవలెను. జ్వరముతో పొత్తికడుపు నొప్పి, రక్తముతో కూడిన స్రావము, ముట్లుడిగిన తరువాత రక్తము కనబడుట, వీనిలో ఏదియున్నను ఆలసింపక హనుమకొండ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికో, వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రికో పంపవలెను.