నొప్పి గోలీ కంటే ముందు పది నిమిషాల మాలిష్: నాట్లు, పత్తి, మిరప పనిచేసే ఒంటి కోసం

ప్రతిసారీ జీవామృతం, కషాయాలు, విత్తనాల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి పాఠం మన ఒంటి గురించి. నేలకు రసాయనం వద్దని చెప్పే మనమే, నడుం పట్టేస్తే కిరాణా షాపులో దొరికిన నొప్పి గోలీ మింగి మళ్ళీ చేన్లకు పోతున్నాం.

మా ఇంట్లో జరిగింది ముందు చెప్తాను. మాది మానుకోట దిక్కు మిరప తోట. రెండు సీజన్లు మిరప ఏరినన్ని రోజులు అమ్మ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి నొప్పి గోలీ వేసుకుంది. అడిగితే "ఒక్క గోలీ ఏసుకుంటే పని ఎల్లిపోతది బిడ్డా" అనేది. మూడో ఏడు పాదాలు ఉబ్బినయి. రక్త పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ ఎక్కువుంది. కిడ్నీల మీద దెబ్బ పడిందని, ఆ గోలీలు పూర్తిగా బంద్ చేయాలని డాక్టర్ గారు చెప్పారు. వ్యవసాయ డిప్లొమా చదివి, ఏ పంటకు ఏది ఎంత డోసో ఊరందరికీ చెప్పే నేను, ఇంట్లో అమ్మ ఏం మింగుతుందో చూడలేదు.

డైక్లోఫెనాక్ పేరు పశువులున్న చాలామందికి తెలుసు. ఆ మందు వేసిన పశువు చచ్చిపోతే, ఆ కళేబరం తిన్న రాబందులు కిడ్నీలు చెడిపోయి కుప్పలుగా చచ్చాయి. అందుకే 2006లో మన దేశంలో పశువులకు ఆ మందు ఆపేశారు. మనిషి ఒళ్ళు రాబందు ఒళ్ళు కాదు. డాక్టర్ చెప్పిన డోసులో, చెప్పినన్ని రోజులు వాడితే అది పనికొచ్చే మందే. కానీ బీపీ, షుగరు ఉన్నవాళ్ళు, ఎండలో నీళ్ళు సరిగ్గా తాగకుండా పనిచేసేవాళ్ళు నెలల తరబడి సొంతంగా మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బ రెండూ రావచ్చు.

గోలీలు బంద్ అయినంక నొప్పి ఊరుకోదు కదా. అప్పుడు ఒక ఫిజియోథెరపిస్ట్ మేడమ్ దగ్గర కూర్చొని నేర్చుకున్న పద్ధతులే ఇవి. చెయ్యి ఎట్లా కదలాలో వీడియోలో చూడండి, ఎందుకు అట్లా చెయ్యాలో ఇక్కడ చదవండి.

మాలిష్ ఏం చేస్తుంది, ఏం చెయ్యదు

అరిగిన మోకాలి గుజ్జును మాలిష్ తిరిగి పెంచదు. ఏ నూనె అయినా చర్మం మీదనే పనిచేస్తుంది, కీలు లోపలికి పోయి గ్రీజు పెట్టదు. నేను గానుగ నూనె అమ్ముకునేవాణ్ణి. "మోకాళ్ళ నొప్పుల నూనె అని లేబుల్ వెయ్యి, రెండింతల రేటు వస్తది" అని చాలామంది చెప్పారు. వెయ్యలేదు, వెయ్యను.

మరి లాభం ఏంది? కీలు నొప్పి పెడితే దాని చుట్టూ ఉన్న కండ బిగుసుకుంటుంది. కండ బిగిస్తే కీలు ఇంకా కదలదు, కదలకపోతే నొప్పి ఇంకా పెరుగుతుంది. మాలిష్ ఆ బిగువును వదులు చేస్తుంది. ఆ సుఖం కొన్ని గంటలు, మహా అయితే ఒకటి రెండు రోజులు ఉంటుంది. ఆ టైములో కీలును మెల్లగా కదిలించి కండకు బలం పెంచాలి. నొప్పి తగ్గింది కదా అని ఇంకో రెండు ట్యాంకులు ఎక్కువ కొడితే చేసిన మాలిష్ దండగ.

మొదలుపెట్టే ముందు

మందు కొట్టొచ్చిన రోజు, కషాయమైనా సరే, ముందు సబ్బుతో స్నానం చేయాలి. చర్మం మీద మందు ఉండగా దాని మీదనే నూనె రుద్దొద్దు.

మిరపకాయలు ఏరిన చేతితో ఎవరినీ ముట్టుకోవద్దు. మిరప మంట నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి ముందు చేతులకు కొంచెం నూనె రాసి, గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగండి.

నూనె నువ్వులదైనా, కొబ్బరిదైనా పర్వాలేదు. ఆముదం చిక్కగా ఉంటుంది కాబట్టి మూడు వంతుల నువ్వుల నూనెలో ఒక వంతు కలుపుకోండి. చేన్లో పిచికారీకి తెచ్చిన వేప నూనె డబ్బా మాత్రం తియ్యొద్దు, అందులో నీళ్ళతో కలవడానికి వేరే పదార్థాలు కలిపి ఉంటాయి. నూనె గిన్నెను వేడి నీళ్ళలో పెట్టి గోరువెచ్చగా చేయండి, మణికట్టు మీద చుక్క వేసి చూశాకే రాయండి. షుగరుతో కాళ్ళు తిమ్మిరి ఉన్నవాళ్ళకు వేడి తెలియదు, వాళ్ళకు చల్ల నూనే మంచిది. కర్పూరం కలిపిన నూనె చిన్న పిల్లలకు అందనివ్వొద్దు, మింగితే విషం.

నాలుగు పద్ధతులు

1. నిమురుడు. అరచేయి మొత్తం ఆనించి కింది నుంచి పైకి, అంటే గుండె వైపుకు, మెల్లగా ఎనిమిది పది సార్లు. ఇది కండను వేడి చేయడానికి. మొదట, చివర తప్పకుండా చేయాలి.

2. పిసుకుడు. జొన్నరొట్టె పిండి పిసికినట్టు, కండను వేళ్ళతో, బొటనవేలితో పట్టి కొంచెం లేపి వదలాలి. పిక్కలు, తొడలు, భుజాలకు ఇది బాగుంటుంది. ఎముక మీద చేయొద్దు.

3. గడ్డ మీద నొక్కుడు. కండలో గోళీకాయ లాగ ఒక బిగువు తగులుతుంది. దాని మీద బొటనవేలు పెట్టి అర నిమిషం కదలకుండా నొక్కి, మెల్లగా వదలాలి. ఒకచోట రెండు మూడు సార్లు చాలు.

4. చుట్టు తిప్పుడు. కీలు చుట్టూ వేళ్ళ కొనలతో చిన్న చిన్న సున్నాలు. కీలు మీద బరువు వెయ్యొద్దు.

బలం ఎంత పెట్టాలి? మేడమ్ చెప్పిన లెక్క నాకు బాగా నచ్చింది. భరించలేని నొప్పి పది రూపాయలు అనుకుంటే, మాలిష్‌లో వచ్చే నొప్పి నాలుగు రూపాయలు దాటొద్దు. ఊపిరి బిగబట్టినా, ముఖం చిట్లించినా బలం ఎక్కువైనట్టే.

ఏ పనికి ఏ చోట

నాట్లు, కలుపు: నడుం. జనగామ దిక్కు నాట్ల టైములో ఎక్కువగా వినపడేది ఇదే. బోర్లా పడుకొని పొట్ట కింద దిండు పెట్టాలి. వెన్నుపూసను వదిలి, దానికి రెండు వేళ్ళ దూరంలో రెండు పక్కలా కింది నుంచి పైకి చేయాలి. పిల్లల్ని నడుం మీద నడిపించడం మన ఇళ్ళల్లో అలవాటు. దయచేసి ఆపండి, పెద్ద వయసు ఎముకలు విరగొచ్చు.

మందు కొట్టుడు: మెడ, భుజాలు. 16 లీటర్ల పంపు నింపితే నీళ్ళే 16 కిలోలు, పంపు బరువు వేరే. మెడకు భుజానికి మధ్య ఉన్న కండను పిసకాలి. మెడ ముందు పక్క ముట్టొద్దు, అక్కడ మెదడుకు పోయే రక్తనాళాలు ఉంటాయి. మెడ తిప్పి "కటక్" అనిపించుడు అసలే వద్దు. చేసేవాళ్ళు లేకపోతే పాత టెన్నిస్ బంతిని గోడకు, భుజం వెనక కండకు మధ్య పెట్టి మెల్లగా కదలండి.

పత్తి, మిరప ఏరుడు: చేతులు. భూపాలపల్లి, మానుకోట దిక్కు అక్కలకు బొటనవేలి మొదలు, ముంజేయి గుంజుతాయి. మణికట్టు నుంచి మోచేయి దాకా నిమిరి, అరచేతిలో బొటనవేలి కింద కండను నొక్కాలి. ఒక చేతికి రెండు నిమిషాలు, ఎవరికి వాళ్ళే చేసుకోవచ్చు.

మోకాళ్ళు. నొప్పి మోకాలిలో ఉన్నా పని ఎక్కువ తొడ మీదనే. మోకాలు పైనుంచి తొడ సగం దాకా పిసికి, చిప్ప చుట్టూ సున్నాలు చుట్టాలి. చిప్పను నొక్కొద్దు. మోకాలి వెనక గుంతలో కూడా నొక్కొద్దు, నరాలు, రక్తనాళాలు అక్కడ పైపైనే ఉంటాయి. అయిపోయాక మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడను బిగించి ఐదు లెక్కపెట్టి వదలండి. పది సార్లు. అసలు మందు ఈ పది సార్లే.

మాలిష్ చేయొద్దు, దవాఖానకు పోవాలి

ఒక్క పిక్క మాత్రమే ఉబ్బి, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే చెయ్యి వెయ్యొద్దు. లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, రుద్దితే అది కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు. ఆపరేషన్ అయ్యాకనో, చాలా రోజులు మంచాన ఉన్నాకనో ఇట్లా వస్తే అదే రోజు పోవాలి. దాంతో పాటు ఆయాసం, ఛాతీ నొప్పి ఉంటే 108కి ఫోన్ చేయండి.

కీలు ఎర్రగా వాచి జ్వరం ఉన్నా, పడ్డాక కాలు ఆనకపోయినా, నడుం నొప్పితో పాటు కాలు బలం తగ్గినా, మూత్రం ఆగినా, తెలియకుండా పోయినా ఆలస్యం చేయొద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా చేయించుకోవద్దు. ఇప్పుడు మానుకోటలో 2022 నుంచి, జనగామ, భూపాలపల్లిలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. దూరం అని గోలీతో నెట్టుకురావాల్సిన రోజులు కావు.

పనిని కూడా కొంచెం మార్చాలి

పంపును నిండా కాకుండా పది పన్నెండు లీటర్లే నింపండి. గట్టు మీద పెట్టి భుజానికి తగిలించుకోండి, నేల మీద నుంచి గుంజొద్దు. పత్తి సంచిని మెడకు వేలాడదీయకుండా నడుముకు కట్టి, సగం నిండగానే దించండి. నాటు వేసేటప్పుడు ప్రతి సాలు చివర నిలబడి, నడుం మీద చేతులు పెట్టి ఐదుసార్లు వెనక్కి వంగండి. కైకిలికి వచ్చిన అక్కలకు కూడా ఆ రెండు నిమిషాలు ఇవ్వండి, పని ఏమీ ఆగదు.

మా అమ్మకు వారంలో మూడు రాత్రులు, కాలికి పది నిమిషాల చొప్పున చేస్తున్నాను. మోకాళ్ళ నొప్పి పోయిందని చెప్తే అబద్ధం. పొద్దున లేచాక గోడ పట్టుకోకుండా నడుస్తుంది. మిరప మధ్యాహ్నం దాకానే ఏరుతుంది, మిగతా సాలు నేను ఏరుతాను. మొదటి రోజు నేను కాళ్ళు పట్టుకుంటే సిగ్గుపడి వెనక్కి గుంజుకుంది. ఇప్పుడు నేను ఆలస్యంగా వస్తే నూనె గిన్నె వేడి నీళ్ళలో పెట్టుకొని కూర్చుంటుంది.

ఈ రాత్రి మీ ఇంట్లో ఒక పని చేయండి. అమ్మనో, నాయిననో, ఇంటావిడనో "రోజూ ఏం గోలీ ఏసుకుంటున్నవ్?" అని అడిగి, ఆ అట్ట చేతిలోకి తీసుకొని పేరు చదవండి. మాలిష్ దాని తర్వాత మొదలుపెట్టండి.