సాహిత్య పఠనం – భాషా నైపుణ్యం

ఉద్దేశం: పద్యాన్నీ, కథనూ, నాటకాన్నీ చదివిన విద్యార్థి వాటి ద్వారా వినడం, మాట్లాడడం, చదవడం, వ్రాయడం అనే నాలుగు భాషా నైపుణ్యాలను ఏ విధంగా సంపాదించుకోగలడో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

తెలుగు పరీక్షలో నూటికి తొంభై మార్కులు పొందిన విద్యార్థి తమ వీధిలోని మురుగుకాలువ పూడిక తీయించవలసిందిగా పంచాయతీ కార్యదర్శికి పది వాక్యాల అర్జీ వ్రాయవలసివస్తే కలం పట్టుకొని తడబడడం నేడు అరుదైన విషయం కాదు. పద్యానికి ప్రతిపదార్థం అతనికి తెలుసు. కవి జన్మస్థలం, బిరుదులు, రచనలు కంఠస్థం. సందర్భసహిత వ్యాఖ్య గైడులో ఉన్నది ఉన్నట్లు వ్రాయగలడు. తన అవసరాన్ని తన వాక్యంలో చెప్పుకొనడం మాత్రం రాదు. రెండవ భాషగా తెలుగు కంటె సంస్కృతం తీసుకొంటే మార్కులు సులువుగా వస్తాయని ఇంటర్మీడియట్‌లో చేరే విద్యార్థులు అనేకులు తలచడానికి కూడ ఈ స్థితి కొంత కారణం. భాషను మార్కుల దృష్టితో మాత్రమే చూచినప్పుడు ఎక్కడ మార్కులు ఎక్కువ వస్తే అక్కడికే మనసు పోతుంది.

సాహిత్యం చదివిన వానికి భాష రాకపోవడం ఎట్లా సంభవిస్తున్నది? ఈ ప్రశ్న కొత్తది కాదు. తెలుగునాట దీనికి నూరేళ్లు దాటిన చరిత్ర ఉన్నది.

పూర్వపు వీధిబడులలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్ది, వేమన పద్యాలు, సుమతీ శతకం, అమరకోశం వల్లె వేసేవారు. అర్థం తెలియకుండా వల్లె వేయించడాన్ని ఆధునికులు తరచుగా ఆక్షేపిస్తారు. ఆ ఆక్షేపణలో నిజం ఉన్నది గాని, అది సంపూర్ణమైన నిజం కాదు. పద్యం ఛందోబద్ధమైనది. బాలుడు దీర్ఘాన్ని హ్రస్వంగానో, ద్విత్వాన్ని తేల్చివేసో పలికితే గణం చెడి నడక కుంటుతుంది. తప్పు చెవికే తెలిసిపోతుంది. గురువు దిద్దక ముందే పద్యం దిద్దుతుంది. ఉచ్చారణ నేర్పడంలో గద్యానికి లేని శక్తి ఇది. అయితే చాలా బడులలో చదువు అక్కడితోనే ఆగింది. పద్యం నోటికి వచ్చిన తరువాత దానితో ఏమి చేయాలో ఎవరూ చెప్పలేదు.

పరాయి దేశం నుండి వచ్చిన ఒక వ్యక్తి ఆ తరువాతి అడుగు వేశాడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసుకు వచ్చి, 1820లో కడపలో ఉద్యోగంలో చేరి, తెలుగు నేర్చుకొన్నాడు. పండితులు అంతగా పట్టించుకోని వేమన పద్యాలను సేకరించి, ఆంగ్లానువాదంతో 1829లో ప్రకటించాడు. చదివిన ప్రతి మాటకూ అర్థం, ప్రయోగం వ్రాసుకొంటూ పోయిన ఆ అలవాటే చివరకు 1852లో వెలువడిన నిఘంటువుగా పరిణమించింది. పాఠాన్ని చదివి ఊరకుండక, దానినుండి తన అవసరానికి పదాలను ఏరుకొన్న పాఠకుడు బ్రౌన్.

ఆ మరుసటి సంవత్సరమే, 1853లో, పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ వెలువడినది. సంస్కృతంలోని పంచతంత్ర, హితోపదేశ కథలు దీనికి మూలం. మిత్రలాభం, మిత్రభేదం అనే రెండు భాగాలను సూరి రచించాడు. పద్యమే పాఠమైన కాలంలో విద్యార్థికి గద్యవాక్యపు నిర్మాణం ఎట్లా ఉంటుందో ఈ గ్రంథం చూపింది. వాక్యాన్ని క్త్వార్థకాలతో పొడిగించి, సమాపక క్రియతో ముగించే పద్ధతి, కథలో కథను పొదిగే నేర్పు అందులో ఉన్నాయి. ఆ గ్రంథం గొప్పదే. చిక్కు ఏమనగా, దానిని చదువుకొనుటకు ఉంచక, వ్రాయుటకు కూడ అదే కొలబద్ద చేశారు. ఇంట ‘వచ్చాడు’ అనే బాలుడు బడిలో ‘వచ్చెను’ అని వ్రాయాలి. తప్పు వస్తుందేమోననే భయంతో అతడు తెలిసిన విషయాన్ని కూడ వ్రాయడం మానుకొన్నాడు.

1906లో ఉత్తరకోస్తా జిల్లాల పాఠశాలల పర్యవేక్షణకు వచ్చిన జె. ఎ. యేట్స్ అనే ఆంగ్లేయ అధికారి ఈ దూరాన్ని గమనించాడు. ప్రజలు మాట్లాడే భాష ఒకటి, బడిలో నేర్పే భాష మరొకటి కావడానికి కారణమేమని అడిగాడు. విశాఖపట్నంలోని ఏ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులు పి. టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలోని గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలోని గిడుగు రామమూర్తి ఆ ప్రశ్నను తమ ప్రశ్నగా స్వీకరించారు. వ్యావహారిక భాషోద్యమానికి ఒక తరగతి గది ప్రశ్న మూలం కావడం గమనింపదగినది.

గిడుగు (1863–1940) ఉపాధ్యాయుడు. సవర పిల్లలకు చదువు చెప్పదలచి ముందు తానే సవర భాష నేర్చుకొన్నాడు. వారి పాటలనూ కథలనూ సేకరించి, ఆ భాషలో పాఠాలు తయారుచేశాడు. లిపి లేని భాషలో కూడ ప్రజల సాహిత్యం ఆధారంగానే చదువు మొదలుపెట్టవచ్చునని ఆయన అనుభవపూర్వకంగా తెలుసుకొన్నాడు. తెలుగు విషయంలోనూ ఆయన వాదం అదే. ప్రాచీన కావ్యాలను చదవవలదని ఆయన ఎన్నడూ అనలేదు. ఆ కావ్యాలను ఆయన ఎంత లోతుగా చదివాడో, గ్రాంథికవాదుల రచనలలోని దోషాలను ఎత్తిచూపుతూ 1933లో ప్రకటించిన ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ సాక్ష్యమిస్తుంది. పండితులకే పట్టుబడని భాషలో బాలురను వ్రాయమనడం న్యాయమా అన్నది ఆయన ప్రశ్న.

ఈ వాదంలో ఎదుటి పక్షపు నాయకుడు కోనసీమవాడే. జయంతి రామయ్య పంతులు 1860లో ముక్తేశ్వరంలో జన్మించాడు. 1911లో స్థాపితమైన ఆంధ్ర సాహిత్య పరిషత్తుకు ఆయన ప్రధాన పోషకుడు. సూర్యరాయాంధ్ర నిఘంటు నిర్మాణానికి ఆద్యుడు. ఒక్కొక్క సీమవారు తమ మాటను తామే వ్రాయసాగితే తెలుగువారికందరికీ ఉమ్మడిగా నిలిచే వ్రాతభాష మిగలదన్నది గ్రాంథికవాదుల భయం. పాఠశాల చివరి పరీక్షలో వ్యాసరచనకు ఆధునిక భాషను అనుమతిస్తూ 1912–13 ప్రాంతంలో వచ్చిన ఉత్తరువు ఆ పక్షం ఒత్తిడివల్ల కొద్ది కాలంలోనే రద్దయినది. గురజాడ 1914లో వ్రాసిన అసమ్మతి పత్రం ఆ సందర్భానికి చెందినదే. తుదకు గిడుగు మాటే నిలిచింది. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. అయినప్పటికీ రామయ్య పంతులు భయాన్ని తేలికగా కొట్టివేయరాదు. రావులపాలెంలో వ్రాసిన ఉత్తరం ఆదిలాబాదులో చదివేవారికి అర్థం కావాలి. మాండలికాన్ని గౌరవిస్తూనే శిష్టవ్యావహారికంలో వ్రాయగలగడం నేటి విద్యార్థి సాధించవలసిన విద్య.

దానికి సాధనం మళ్లీ సాహిత్యమే. గోదావరి మండలంలోని పొలమూరులో 1891లో జన్మించిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలను ఉదాహరణగా తీసుకోవచ్చును. సంస్కృత విద్యలో పెరిగిన ఆయన ఇంటింటి మాటను, ముఖ్యంగా స్త్రీల మాటను, కథలోకి తెచ్చాడు. చదరంగపు ఆటగాని గురించిన ‘వడ్లగింజలు’ మొదలైన కథలలో సంభాషణలే కథను నడిపిస్తాయి. ఇటువంటి కథను తరగతిలో అధ్యాపకుడొక్కడే చదివి వినిపిస్తే సగం ప్రయోజనం పోయినట్లే. పాత్రలను విద్యార్థులకు పంచి చదివించాలి. పెద్దవారితో మాట్లాడేటప్పుడు వాక్యం ఎక్కడ వంగుతుందో, కోపంలో ఎక్కడ తెగుతుందో, వెటకారంలో ఏ మాట సాగుతుందో నోటితో పలికినప్పుడే తెలుస్తుంది.

పిమ్మట ఆ సంభాషణను పరోక్ష కథనంలోకి మార్చి వ్రాయించాలి. ఇక్కడ తెలుగుకు ప్రత్యేకమైన ఒక సొగసు ఉన్నది. “నేను రేపు వస్తాను” అని రాముడు అన్న మాటను చెప్పేటప్పుడు తెలుగు నుడికారం “రాముడు తాను మరునాడు వస్తానన్నాడు” అంటుంది. ‘నేను’ ‘తాను’గా మారినా క్రియ ఉత్తమ పురుషలోనే నిలుస్తుంది. “రాముడు అతను వస్తాడని చెప్పాడు” అని వ్రాస్తే ఆ వచ్చేవాడు రాముడో మరొకడో తెలియదు. ఆంగ్ల వాక్యాన్ని మనసులో పెట్టుకొని తెలుగు వ్రాసేవారు తరచుగా చేసే పొరపాటు ఇది. వ్యాకరణ సూత్రంగా చెప్పితే మరుపున పడే ఈ విషయం, కథలోని పది సంభాషణలను మార్చి వ్రాసినవానికి జీవితాంతం గుర్తుంటుంది.

తెలుగువారి సొంత విద్య అయిన అవధానంలో భాషాభ్యాసానికి పనికివచ్చే సామగ్రి ఎంతో ఉన్నది. కడియంలో 1870లో జన్మించిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, దివాకర్ల తిరుపతిశాస్త్రితో కలిసి అవధానాలతో ఆంధ్రదేశమంతటినీ మెప్పించినవాడు. ఆయనే బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించాడు. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం వంటివారు ఆయన శిష్యులు. అవధానిని నిలువరించడానికి పృచ్ఛకులు ప్రయోగించే నిషిద్ధాక్షరి, దత్తపది, సమస్య అనే అంశాలను పద్యం అల్లలేని విద్యార్థికి కూడ గద్యంలో ఇవ్వవచ్చును.

‘ర’కారం రాకుండా గోదావరిని గురించి ఐదు వాక్యాలు వ్రాయమంటే ముందుగా నది పేరే అడ్డుతగులుతుంది. ‘గౌతమి’ అనాలి. ‘నీరు’ కూడదు, ‘జలం’ కావాలి. ‘తీరం’ పోయి ‘గట్టు’ వస్తుంది, ‘వరద’కు ‘వెల్లువ’ దొరుకుతుంది. పర్యాయపదాలను పట్టికగా బట్టీ పట్టించినప్పుడు కలగని ఆసక్తి ఈ చిన్న నిషేధంతో కలుగుతుంది. సమస్య కూడ ఇట్లాంటిదే. “వాన వస్తున్నదని విని రైతు దుఃఖించాడు” అన్నది పైకి విరుద్ధంగా కనిపించే వాక్యం. దీనిని సమర్థిస్తూ ఒక పేరా వ్రాయాలి. మాసూళ్ల కాలంలో కోసిన చేను పనల మీద ఉన్నదని తెలిసిన కోనసీమ విద్యార్థికి సమాధానం తట్టడానికి ఎంతోసేపు పట్టదు; తట్టిన సమాధానాన్ని కారణకార్య సంబంధం చెడకుండా చెప్పడంలోనే అభ్యాసం ఉన్నది.

నాటకం విషయం కొంత వేరు. కోనసీమలోని మామిడికుదురులో 1911లో జన్మించిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంలో పాలేరుగా బతికే బాలుడు చదువుకొని పైకి రావడాన్ని చిత్రించాడు. ఆ నాటకాన్ని చూచి ఎందరో పేదలు తమ పిల్లలను పాలేరుతనం మాన్పించి బడిలో వేశారని చెప్పుకొంటారు. అక్షరం రాని ప్రేక్షకులకు ఆ మాటలు చెవి ద్వారానే చేరాయి. వినడం కూడ ఒక నైపుణ్యమేనని చెప్పడానికి ఇంతకంటె దగ్గరి నిదర్శనం వెదకనక్కరలేదు.

విద్యార్థి ఇంటి నుండి తెచ్చే పదసంపదను తరగతిలో తక్కువగా చూడడం పెద్ద లోపం. రావులపాలెం గౌతమీ తీరాన, జాతీయ రహదారిపై, కోనసీమకు ముఖద్వారంగా ఉన్న ఊరు. అరటి వ్యాపారానికి పేరు పొందినది. అరటి తోటలో పెరిగిన విద్యార్థికి పిలక, బోదె, దూట, గెల, అత్తం అనే మాటల మధ్య తేడా తెలుసు. పట్టణంలో పెరిగినవానికి అదంతా ‘అరటి చెట్టు’ మాత్రమే. కావ్యంలోని వర్ణనను చదివినప్పుడు కవి ఏ అంగాన్ని ఏ పేరుతో పిలిచాడో చూచి, అదే విధంగా వేకువన మార్కెట్ యార్డుకు గెలలు చేరడాన్ని వర్ణించమంటే, వెనుక బల్లపై మౌనంగా కూర్చునే విద్యార్థి ముందువరుసకు వస్తాడు. ‘ఆయ్’ అనే గోదావరి పలుకుబడి నవ్వులాటకు మాత్రమే పనికివచ్చేది కాదు. అది మర్యాదను తెలిపే మాట. కథనంలో దానికి చోటు లేకున్నా సంభాషణలో దానిని ఉద్ధరణ చిహ్నాల మధ్య నిలుపవచ్చును.

ఇంట్లోని పెద్దలు చెప్పే సంగతులు ఈ అభ్యాసానికి మంచి వస్తువు. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన పెద్ద వరదను, 1996 నవంబరులో కొబ్బరితోటలను కూల్చిన తుపానును చూచినవారు కోనసీమలో ఇప్పటికీ ఎందరో ఉన్నారు. వారి మాటను అడ్డు తగలకుండా వినాలి. ముఖ్యమైన మాటలను వారు పలికినట్లే వ్రాసుకోవాలి. తరువాత సంఘటనలను కాలక్రమంలో అమర్చి శిష్టవ్యావహారికంలో రెండు పుటలు వ్రాయాలి. వ్రాసినదానిని తరగతిలో చదవాలి. ఈ పనికి ఏ గైడులోనూ సమాధానం దొరకదు. తాతగారు చెప్పినది ఆ ఒక్క విద్యార్థికే తెలుసు.

అభ్యాసం

1. గిడుగు రామమూర్తి, జయంతి రామయ్య పంతుల వాదాలలో నేటి విద్యార్థికి ఏది ఎంతవరకు ఉపకరిస్తుందో మీ మాటలలో వ్రాయండి.

2. మీరు చదివిన ఏదైనా కథలోని ఒక సంభాషణను పరోక్ష కథనంలోకి మార్చండి. ‘తాను’ అనే సర్వనామంతో క్రియ ఏ పురుషలో ఉన్నదో గుర్తించండి.

3. ‘ల’కారం రాకుండా మీ కళాశాలను గురించి ఐదు వాక్యాలు వ్రాయండి.

4. మీ వీధి సమస్యను తెలుపుతూ పంచాయతీ కార్యదర్శికి పది వాక్యాలకు మించకుండా అర్జీ వ్రాయండి.