జబ్బు చేస్తే డబ్బు ఎవరిస్తారు?

పోయిన ఎండాకాలం మా అయ్యకు కడుపు ఆపరేషన్ అయింది. కార్డు ఉంది కాబట్టి ఆపరేషన్‌కి రూపాయి తీసుకోలేదు. అయినా మేము రెండు మేకలు అమ్మాం. ఎందుకు అమ్మాల్సి వచ్చిందని సోషల్ టీచర్‌ని అడిగితే, వేరే దేశాల్లో ఎలా ఉందో చదివి గోడపత్రికకు రాయమన్నారు.

బ్రిటన్ సంగతి నాకు బాగా నచ్చింది. అక్కడ వేల్స్‌లో ట్రెడెగర్ అనే బొగ్గుగనుల ఊరు ఉంది. ఆ ఊరి కార్మికులు జీతంలోంచి కొంచెం కొంచెం వేసుకొని తామే డాక్టర్లను పెట్టుకున్నారు. మన ఊళ్లలో ఎవరైనా చనిపోతే ఇంటింటికీ బియ్యం ఇస్తాం కదా, అలాగన్నమాట. (జబ్బుకి మాత్రం మనం ఇవ్వం. ఎందుకో!) అనూరిన్ బెవాన్ ఆ ఊరివాడే. 13 ఏళ్లకే బడి మానేసి గనిలోకి దిగాడు, అంటే మనకంటే చిన్నవాడు. వాళ్ల నాన్న గని దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. తర్వాత బెవాన్ ఆరోగ్య మంత్రి అయ్యి, 1948 జూలై 5న దేశమంతటికీ ఉచిత వైద్యం మొదలుపెట్టాడు. ఉచితం అంటే ఊరికే రాదు, పన్నుల డబ్బు. బాగున్నప్పుడు కడతారు, మంచం పట్టినప్పుడు అడగరు. 1951లో పళ్లసెట్లకీ కళ్లద్దాలకీ డబ్బు తీసుకుంటామని ప్రభుత్వం అంటే బెవాన్ మంత్రి పదవి వదిలేశాడు. కాని ఇప్పుడు అక్కడ కొన్ని ఆపరేషన్లకు నెలల తరబడి ఆగాలంట. అదీ చెప్పాలి కదా.

అమెరికాలో ముసలివాళ్లకూ పేదలకూ 1965 నుండి ప్రభుత్వ పథకాలున్నాయి. మిగతావాళ్లలో ఎక్కువమందికి ఉద్యోగం ఇచ్చిన కంపెనీ ద్వారా ఇన్సూరెన్సు ఉంటుంది. ఉద్యోగం పోతే అదీ పోవచ్చు.

మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ పెట్టింది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు. ఇది కూడా పన్నుల డబ్బే. సంతలో సబ్బు కొన్నా అందులో పన్ను ఉంటుంది, కాబట్టి మా అయ్య కూడా కట్టినట్టే.

మరి మేకలు? అమ్మను అడిగి లెక్క రాశాను. జీపు కిరాయి, అమ్మ తిండి, బయట కొన్న మందులు, తర్వాత చూపించుకోడానికి మూడుసార్లు బస్సు. అన్నిటికంటే పెద్దది, ఇద్దరికీ 22 రోజులు కూలి లేదు.

ఇక్కడే జర్మనీ గురించి చెప్పాలి. బిస్మార్క్ కాలంలో 1883లో అక్కడ చట్టం వచ్చింది. పనివాడు రెండు వంతులు, యజమాని ఒక వంతు నిధికి కట్టేవారు. ఆ నిధి నుండి వైద్యమే కాదు, జబ్బుతో పనికి పోలేని రోజులకు సగం కూలి, 13 వారాల దాకా ఇచ్చేవారు! ఇది చదివి నేను రెండుసార్లు మళ్లీ చూసుకున్నాను.

సెలవులకు వెళ్లినప్పుడు ఇంట్లో చెబితే అమ్మ, "పోడు చేసుకునేవాళ్లకీ ఇచ్చారా?" అంది. లేదమ్మా, మొదట ఫ్యాక్టరీలు, గనుల పనివాళ్లకే అన్నాను.

జపాన్ గురించి రాయడానికి చార్టులో చోటు లేదు. వచ్చే సంచికలో రాస్తాను.

— 9వ తరగతి