“డౌట్” అను మాట - దాని యర్థభేదములు

పాఠము ముగియగానే “ఐ హావ్ ఎ డౌట్, సర్” అని లేచి నిలుచుట మన విద్యార్థులకు పరిపాటి. దినమునకు పలుమారులు వినబడెడి యీ చిన్నమాటను గూర్చి కొన్ని సంగతులు విన్నవింపదలచితిమి. ఏలయన, దీనిని తగనిచోట ప్రయోగించినచో చెప్పదలచిన యర్థము తలక్రిందులగును.

మొదట దీని యుచ్చారణము. లాటిను భాషలోని “డుబిటారే” అను క్రియ ఫ్రెంచి మీదుగా ఆంగ్లమున ప్రవేశించినది. ఫ్రెంచివారు “బి” అను నక్షరమును విడిచిరి. తొలుత ఆంగ్లేయులును దానిని వ్రాయలేదు, పలుకలేదు. పిమ్మట పండితులు లాటిను మూలము తెలియుటకై వ్రాతలో దానిని మరల జేర్చిరి గాని, జనుల నాలుక యంగీకరింపలేదు. 1598లో అచ్చయిన షేక్స్పియరు నాటకము “లవ్స్ లేబర్స్ లాస్ట్” నందు హోలోఫెర్నీసు అను పంతులు, ఈ “బి”ని పలుకనివారిపై మండిపడి నవ్వులపాలగును. వ్రాసినదెల్ల పలుకుట కలవాటుపడిన తెలుగు బాలురు “డౌబ్ట్” అనుట సహజమే. అయినను “డౌట్” అనుటయే సరి.

ఇక ముఖ్యమైన సంగతి. “అతడు దొంగ యని నా యనుమానము” అనినచో, అతడు దొంగయే కావచ్చునని మన భావము. దీనిని మాటకు మాటగా మార్చి “ఐ డౌట్ దట్ హి ఈజ్ ఎ థీఫ్” అని వ్రాసితిమేని, “అతడు దొంగ యని నేను నమ్మను” అని యాంగ్లేయుడు గ్రహించును. నేరము మోపబోయి నిర్దోషియని పలికినట్లయినది! అచ్చట “సస్పెక్ట్” అనవలయును. “సస్పెక్ట్” ఔనను వైపునకు, “డౌట్” కాదను వైపునకు మొగ్గునని జ్ఞాపకముంచుకొనుడు. రేపు మీరు ఏ కచేరికైనను అర్జీ వ్రాయునప్పుడు ఒకని మానమర్యాదలు ఈ భేదముపై నాధారపడవచ్చును.

ఒక వింత గలదు. పూర్వము ఆంగ్లమున “డౌట్” అనగా భయపడుట యను నర్థమును ఉండెను. దాని జాడ స్కాట్లండున నిలిచియున్నది. అచ్చటివారు “ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్” అనినచో, వాన వచ్చునట్లున్నదని భావము. ఇంగ్లండున నిదే వాక్యమునకు వాన రాదేమో యని యర్థము.

తరగతిలోని “డౌట్” మాట యేమి? ప్రశ్న యను నర్థమున నది మన దేశమున రూఢియైనది. ఇచ్చటి యుపాధ్యాయులు తప్పుగా నెంచరు. కాని విదేశీయుడైన గురువు, తన మాట శిష్యుడు నమ్మలేదని తలంపవచ్చును. కావున తెలియనిది అడుగుటకు “మే ఐ ఆస్క్ ఎ క్వశ్చన్” అనుట మేలు. చెప్పినది నిజముగా నమ్మలేనప్పుడు “డౌట్” అనుడు. వినయముతో ననినచో నదియు దోషము కాదు.

న్యాయస్థానములలో “బెనిఫిట్ ఆఫ్ ది డౌట్” అను పలుకుబడి కలదు. నేరము నిస్సందేహముగా రుజువు కానప్పుడు ఆ సందేహఫలము ముద్దాయికే దక్కునని దాని తాత్పర్యము. బాలబాలికలారా, ఈ నీతి న్యాయాధిపతులకే గాదు, తోటివారిని గూర్చి మాటలాడు మనకందరకును తగినదే. అడుగుటకు సిగ్గుపడకుడు; ఒకరిని నిందింపబోవునప్పుడు మాత్రము మాటను రెండుమారులు తూచి పలుకుడు.